‘మీరు సెలవు ఇవ్వాలి’ అని ఇంగ్లీషులో అడగడం ఎలా?

ప్రశ్న: మాస్టారూ, మాది విజయనగరం. పదో తరగతి వరకు తెలుగు మీడియం. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి, పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో చేరి ఎనిమిది నెలలైంది. మా మేనేజర్‌ది వేరే రాష్ట్రం, తెలుగు రాదు. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి రెండు రోజులు సెలవు కావాలని ఆయనకి మెయిల్ పెట్టాను. ‘సర్, యూ మస్ట్ గ్రాంట్ మీ టూ డేస్ లీవ్’ అని రాశాను. ఆయన నన్ను పిలిచి, అందరి ముందూ ‘ఆర్ యూ ఆర్డరింగ్ మీ?’ అన్నారు. ఏడుపొక్కటే తక్కువ. ‘మీరు నాకు సెలవు ఇవ్వాలి’ అని నేను మర్యాదగానే అనుకుని రాశాను. బళ్లో మస్ట్ అన్నా, షుడ్ అన్నా, హ్యావ్ టు అన్నా ‘ఆలి’ అనే చెప్పారు. మరి తేడా ఎక్కడుంది? ఇప్పుడు మెయిల్ రాయాలంటేనే టెన్షన్‌గా ఉంది. సెలవు మళ్లీ అడగాలి. ఎలా రాయను? ఆయనకి సారీ కూడా చెప్పాలా?
– ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

మీ వాక్యాన్ని పరీక్ష పేపర్లో దిద్దమంటే నేను మార్కులు కొయ్యను. మస్ట్ పక్కన గ్రాంట్ అని సరిగ్గానే పెట్టారు, మధ్యలో టు ఇరికించలేదు. ముప్పై రెండేళ్లు శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ‘మస్ట్ టు గో’ అనీ, ‘హి మస్ట్స్ గో’ అనీ రాసిన కాగితాలు ఎన్ని దిద్దానో లెక్క లేదు. మీ వాక్యం ఆ జాతి కాదు. వ్యాకరణం ఒప్పు, మర్యాద తప్పు. అది కూడా మీరు కావాలని చేసింది కాదు. మన తెలుగే మీ చేత అలా రాయించింది.

ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో సెలవు చీటీ రాయడం నేర్చుకునే ఉంటారు. ‘నాకు రెండు రోజులు సెలవు ఇప్పించవలసినదిగా కోరుచున్నాను.’ వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే, 1863లో. ఆయన అంత పోట్లాడినా ఈ ‘వలసినదిగా’ మాత్రం సెలవు చీటీని వదిలి కదల్లేదు. ఆ మాటని ఒకసారి విప్పి చూడండి. ఇవ్వవలెను, ఇవ్వాలి, ఇవ్వవలసిన... అంతా ఒకటే కుటుంబం. అంటే తెలుగులో మనం వినయంగా అడిగే వాక్యం కడుపులోనే ‘ఆలి’ ఉంది. పెళ్లి కార్డు మీద ‘విచ్చేయవలసిందిగా’ అని ఉంటుంది. అది చదివి ‘ఏంటి, నాకు ఆర్డరేస్తున్నారా’ అని ఎవరూ కోప్పడరు. పక్కనే ‘కోరుతున్నాను’, ‘మనవి’, ‘ప్రార్థన’ లాంటి మాట ఒకటి కాపలా ఉంటుంది. నోటితో చెప్పినప్పుడైతే గొంతే ఆ పని చేస్తుంది. ‘మీరే ఎలాగోలా ఇవ్వాలి సార్’ అని మెల్లగా అంటే అది బతిమాలడం. అదే మాట టేబుల్ మీద కాగితం విసిరి అంటే తగాదా. ‘ఆలి’ మారలేదు, గొంతు మారింది.

మీరు మెయిల్లో ‘ఆలి’ని పంపారు, గొంతు ఇక్కడే ఉండిపోయింది.

ఇంగ్లీషు మస్ట్‌కి ఒక స్వభావం ఉంది. ఎవరు ఆ మాట అంటున్నారో, ఆ బలవంతం వాళ్లదే అన్నట్టు వినపడుతుంది. డాక్టరు రోగితో, టీచరు పిల్లాడితో, పోలీసు డ్రైవరుతో అనొచ్చు. కింది ఉద్యోగి పైవాడితో అంటే మాత్రం ఎదుటివాడికి ముందు ‘నువ్వెవరు చెప్పడానికి’ అనే తోస్తుంది. మీ మేనేజర్‌కి తోచింది అదే. ఆయన అందరి ముందూ అలా అడగడం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ‘ఈసారి పలాస వస్తే మీరు మా ఇంటి జీడిపప్పు తినాలి’ అని అదే మేనేజర్‌తో అనాలనుకోండి. ‘యూ మస్ట్ టేస్ట్ అవర్ కాష్యూస్’ అంటే ఆయన సంతోషిస్తారు. అదే మస్ట్, అదే మేనేజర్. ఇక్కడ మేలు ఎవరికి? తినేవాడికి. అక్కడ మేలు ఎవరికి? సెలవు తీసుకునే మీకు. ఎదుటివాళ్లకి మేలు జరిగే పనికి మస్ట్ వాడితే ఆప్యాయత. మనకి మేలు జరిగే పనికి వాడితే దబాయింపు. పెళ్లికి పిలిచేటప్పుడు ‘యూ మస్ట్ కమ్’ ఎంత బావుంటుందో, అప్పు అడిగేటప్పుడు ‘యూ మస్ట్ గివ్’ అంత ఘోరంగా ఉంటుంది. రాసేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే మీ భయం సగం పోతుంది.

ఇక మీ అసలు అనుమానం, అన్నిటికీ ‘ఆలి’ అని చెబితే తేడా ఎక్కడుందని. దీనికి నేను క్లాసులో ఒకే వాక్యం వాడేవాణ్ణి: ‘అరసవల్లి వెళ్లాలి.’ రథసప్తమి రోజు తెల్లవారుజాము అనుకోండి. ఒకే వీధిలో అయిదుగురు అదే మాట అంటున్నారు.

మొదటి ఇంట్లో పిన్ని. మనవడికి జబ్బు నయమైతే వస్తానని మొక్కుకుంది. ఎవరూ పొమ్మనలేదు, లోపలి నుంచి వచ్చిన పట్టుదల అది. ఆమె ‘వెళ్లాలి’కి సరిపడేది ‘ఐ మస్ట్ గో.’ మన భాషలో వెళ్లి తీరాలి. పక్కింట్లో ఆర్టీసీ డ్రైవరు. ఆయనకి భక్తి ఉందో లేదో మనకి తెలీదు, ఆ రోజు స్పెషల్ బస్సు డ్యూటీ పడింది. బలవంతం బయటి నుంచి వచ్చింది. ‘ఐ హ్యావ్ టు గో.’ వెళ్లక తప్పదు. మూడో ఇంట్లో డిగ్రీ కుర్రాడు. వాళ్లమ్మ చెప్పింది నిజమే, ఏడాదికోసారి వెళ్తే మంచిదే అని వాడికీ తెలుసు. దుప్పటి మాత్రం తియ్యడు. ‘ఐ షుడ్ గో.’ షుడ్‌లో మంచీ చెడూ తెలియడం ఉంది, కాలు కదులుతుందన్న హామీ లేదు. నాలుగో ఇంట్లో పూలు టోకున అమ్మే ఆయన. గుడి దగ్గర కొట్లవాళ్ల నుంచి బాకీలు రావాలి. ఆయన పని జరగాలంటే వెళ్లాలి. ‘ఐ నీడ్ టు గో.’ అయిదో ఇంట్లో బావగారు. తెల్లారి మూడింటికల్లా అందరినీ ఆటోలో తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఇప్పుడు టైము నాలుగున్నర, ఆయన ఇంకా పళ్లు తోముకుంటున్నాడు. ‘ఐ యామ్ సపోజ్డ్ టు బి ఎట్ అరసవల్లి!’ ఒప్పుకున్నదీ, జరగాల్సిందీ ఒకటి, జరుగుతున్నది ఇంకొకటి. ఈ చివరిది రాసేటప్పుడు సపోజ్ అని ఆపెయ్యకండి. పలికితే ‘డ్’ వినపడదు కాబట్టి చాలామంది వదిలేస్తారు. సపోజ్డ్ అనే ఉండాలి.

చూశారా, తెలుగులో కూడా ఈ తేడాలన్నీ ఉన్నాయి. తీరాలి, తప్పదు, మంచిది, అవసరం, అనుకున్నాం అని వేరే మాటలతో చెబుతాం. కానీ రోజువారీ మాటల్లో అన్నిటినీ ‘ఆలి’లో కుక్కేస్తాం. అందుకని ఇంగ్లీషు మాట వెతికే ముందు తెలుగు వాక్యాన్నే కొంచెం గట్టిగా అడగాలి. ఈ ‘ఆలి’ ఎక్కడి నుంచి వచ్చింది? నా పట్టుదలా, పైవాళ్ల రూలా, మంచి మాటా, నా అవసరమా, ఒప్పందమా? ఆ జవాబు తెలిస్తే ఇంగ్లీషు మాట తనంతట తనే వస్తుంది.

మాట్లాడేటప్పుడు మస్ట్‌కీ హ్యావ్ టుకీ మధ్య గోడ ఇంత గట్టిగా ఉండదని కూడా చెప్పాలి. అమెరికావాళ్లు మాటల్లో హ్యావ్ టు, నీడ్ టులతోనే గడిపేస్తారు. బ్రిటిష్ ఇంగ్లీషులోనూ అంతే. 1961 నాటి అచ్చు ఇంగ్లీషునీ 1991 నాటిదాన్నీ పక్కపక్కన పెట్టి లెక్కగట్టినవాళ్లకి తేలింది ఏమిటంటే, ఆ ముప్పై ఏళ్లలో మస్ట్ వాడకం బాగా పడిపోయింది. మనం మాత్రం బళ్లో మొట్టమొదట మస్టే నేర్పుతాం. నేనూ అలాగే నేర్పాను. అనుమానం వస్తే హ్యావ్ టు వాడండి, ఎవరి మనసూ నొప్పించదు. ఒక్క జాగ్రత్త చాలు: ఐ హ్యావ్ టు, షి హ్యాజ్ టు. మస్ట్, షుడ్ మన ‘ఆలి’ లాంటివి. నేను వెళ్లాలి, వాడు వెళ్లాలి, వాళ్లు వెళ్లాలి అన్నప్పుడు మాట చివర మారదు కదా, అవీ మారవు. హ్యావ్ అలా కాదు, మనిషిని బట్టి మారుతుంది.

షుడ్ లాంటిదే అయిన ఆట్ టు గురించి అడగలేదు కానీ, ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఆట్ అనేది ఒకప్పుడు ‘ఓ’ అనే క్రియకి భూతకాలం. ఓ అంటే బాకీ పడటం. షుడ్‌కి తల్లి అయిన షల్‌కి కూడా పాత ఇంగ్లీషులో బాకీ ఉండటమనే అర్థం ఉండేది. అంటే వాళ్ల దృష్టిలో బాధ్యత అంటే తీర్చాల్సిన అప్పు. మన ‘ఆలి’ వచ్చింది ‘వలయు’ నుంచి. వలయు అంటే కావలసి ఉండటం, ఇష్టమవడం. ‘నేను కలెక్టర్ అవ్వాలి’ అని మన పిల్లలు అంటే ఎవరో బలవంతపెట్టారని కాదు, అది కోరిక. ‘నువ్వు చల్లగా ఉండాలి’ అంటే దీవెన. వీటిని మస్ట్‌తో తర్జుమా చేస్తే నవ్వులపాలే. మొదటిది ‘ఐ వాంట్ టు బి ఎ కలెక్టర్.’ రెండోదానికి ఇంగ్లీషులో క్రియ వెతక్కండి, ‘గాడ్ బ్లెస్ యూ’ అని సరిపెట్టుకోండి.

ఇప్పుడు వ్యతిరేకానికి వద్దాం. ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. నేనే జారాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఎనిమిదో తరగతికి క్వార్టర్లీ పేపరు నేనే తయారుచేశాను. ఎనిమిది ప్రశ్నలిచ్చి, అయిదు రాస్తే చాలని నా ఉద్దేశం. ‘అన్నీ రాయక్కర్లేదు’ అని పైన ఒక హెచ్చరిక పెడదామనుకుని, స్టెన్సిల్ మీద నా చేత్తో ‘యూ మస్ట్ నాట్ ఆన్సర్ ఆల్ ద క్వశ్చన్స్’ అని రాశాను. పరీక్ష అయ్యాక ఒక పిల్ల ఏడుస్తూ వచ్చింది. చాలా తెలివైన పిల్ల. టైము మిగిలితే ఎనిమిదీ రాసేసింది. చివర్లో పైన ఉన్న వాక్యం మళ్లీ చదువుకుని భయపడిపోయి, రాసినవాటిలో మూడు జవాబులు అడ్డంగా కొట్టేసింది. కొట్టేసిన మూడూ బాగా రాసినవే. ఆ పిల్ల ఇంగ్లీషు సరిగ్గా చదివింది. తప్పు రాసింది నేను. ఆ కొట్టేసినవాటికి కూడా మార్కులు వేశాను గానీ, ఆ నీలం ఇంకు గీతలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి.

తెలుగులో ‘రాయకూడదు’కీ ‘రాయక్కర్లేదు’కీ ఎప్పుడైనా తికమక పడ్డామా? పడం. ఒకటి గేటు మూసెయ్యడం, ఇంకొకటి గేటు తీసి ఉంచి నీ ఇష్టమనడం. ఇంగ్లీషులో గేటు మూసేది మస్ట్ నాట్. తీసి ఉంచేది డోంట్ హ్యావ్ టు, లేదా నీడ్ నాట్. మస్ట్‌కీ హ్యావ్ టుకీ దగ్గరి పోలిక ఉంది కదా అని వాటికి నాట్ తగిలిస్తే కూడా ఒకటే అవుతుందనుకుంటాం. నాట్ తగిలించగానే రెండూ తూర్పూ పడమరా అయిపోతాయి. మీ ల్యాబులో ఇది ఇంకా ప్రమాదం. ‘ఈ శాంపిల్ ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదు’ అని మీ మనసులో ఉండి, తర్వాతి షిఫ్టువాళ్లకి ‘మస్ట్ నాట్ బి కెప్ట్ ఇన్ ద ఫ్రిజ్’ అని చీటీ అంటిస్తే, వాళ్లు ఉన్న శాంపిల్ కూడా బయటికి తీసి పెడతారు. చీటీ రాసేటప్పుడు ముందు మనసులో తెలుగులో అనుకోండి: కూడదా, అక్కర్లేదా? షుడ్ నాట్ అయితే మధ్యస్తంగా ఉంటుంది, ‘అలా చెయ్యకపోవడం మంచిది’ అన్నట్టు.

జరిగిపోయినదాని సంగతి కూడా చెప్పేస్తాను. ‘నిన్న ఓవర్‌టైమ్ ఉండాల్సి వచ్చింది’ అని చెప్పడానికి మస్ట్ పనికిరాదు. దానికి భూతకాలం లేదు. నిజానికి అదే ఒకప్పుడు భూతకాలపు రూపం, దాని వర్తమానం వాడుకలోంచి పోయి ఇదొక్కటీ మిగిలింది. అందుకని హ్యావ్ టు దగ్గర అరువు తెచ్చుకోవాలి: ‘ఐ హ్యాడ్ టు స్టే.’ ఉండాల్సి వచ్చింది, ఉన్నాను. ‘ఉండాల్సింది’ అంటే వేరు, ఉండలేదని అర్థం: ‘ఐ షుడ్ హ్యావ్ స్టేడ్.’ వచ్చింది అనే ఒక్క మాట ఉండడం, లేకపోవడంతో తెలుగులో కథ మొత్తం తిరగబడుతుంది. ఇంగ్లీషులోనూ అంతే.

మరి ‘మస్ట్ హ్యావ్ స్టేడ్’ అని చదువుతుంటాం కదా, అదేమిటి అంటారా? అది బాధ్యత కాదు, ఊహ. ఇది వ్యాకరణం పుస్తకాల్లో పేజీలకొద్దీ ఉంటుంది, మన ఉత్తరాంధ్రవాళ్లకి అన్ని పేజీలు అక్కర్లేదు. మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని, వీధి చివర కుక్క మొరిగితే ‘ఆడొచ్చీసినాడు గావాల’ అనేది. వచ్చి ఉంటాడు అని. ఆ ‘గావాల’ ఎవరు? కావాలే కదా! ‘కావాలి’ అనే అవసరపు మాటే మన జిల్లాల్లో ఊహ మాట అయి కూర్చుంది. మస్ట్‌కి జరిగింది కూడా ఇదే. అవసరం చెప్పే మాట, ‘అయ్యే ఉండాలి’ అని ఊహించే మాటగా కూడా పనిచేస్తోంది. ‘హి మస్ట్ హ్యావ్ కమ్’ అంటే ‘వచ్చీసినాడు గావాల’. కాకపోతే మస్ట్‌లో నమ్మకం పాలు ఎక్కువ, గావాలలో కొంచెం అనుమానం ఉంటుంది. ఈ పోలిక నేను చెప్పగానే క్లాసులో వెనక బెంచీలు కూడా నవ్వేవి. ఆ తర్వాత ఎవరూ తప్పు రాసేవారు కాదు.

మీది మందుల కంపెనీ కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మామూలు మాటల్లో షల్ ఇప్పుడు దాదాపు కనపడదు, ‘షల్ వి గో?’ లాంటి చోట్ల తప్ప. కానీ చట్టాల్లో, రూళ్లలో అదే రాజు. మన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు చెప్పే 51ఏ అధికరణం 1976లో 42వ సవరణతో వచ్చింది. అది ‘ఇట్ షల్ బి ద డ్యూటీ ఆఫ్ ఎవ్రీ సిటిజన్ ఆఫ్ ఇండియా’ అని మొదలవుతుంది. మందుల తయారీ పద్ధతులు చెప్పే మన షెడ్యూల్ ఎమ్‌లోనూ, అమెరికావాళ్ల నిబంధనల్లోని పార్ట్ 211లోనూ అడుగడుగునా షల్. అక్కడ షల్ అంటే చేసి తీరాలి, ఇంకో మాట లేదు. మందుల మీద అజమాయిషీ చేసే అదే అమెరికా ఎఫ్‌డీఏ, గైడెన్స్ పేరుతో ఇచ్చే కాగితాల్లో మాత్రం షుడ్ వాడుతుంది. అలా వాడి ఊరుకోదు. షుడ్ అంటే సూచన, సిఫారసు మాత్రమే, తప్పనిసరి కాదు అని ముందుమాటలోనే రాసిపెడుతుంది. ఒక్క మాట అర్థం మీద ఫ్యాక్టరీలకి ఫ్యాక్టరీలు నడుస్తున్నాయన్నమాట. అలాగని మీ కంపెనీ ఎస్‌వోపీలో, అంటే ఏ పని ఎలా చెయ్యాలో రాసిపెట్టిన కాగితంలో, షుడ్ అని ఉంటే ‘సిఫారసే కదా’ అని వదిలెయ్యకండి. మీ ఎస్‌వోపీలో ఏ మాటకి ఏ అర్థమో మీ క్వాలిటీ ఎష్యూరెన్స్‌వాళ్లని ఒకసారి అడగండి. కొత్తగా చేరినవాళ్లు ఈ ప్రశ్న అడిగితే వాళ్లకి మీ మీద గౌరవం పెరుగుతుంది కూడా.

సరే, మెయిల్. పైవాళ్లని అడిగేటప్పుడు బాధ్యత చెప్పే క్రియలేవీ వాళ్లకి తగిలించకండి. యూ మస్ట్ వద్దు. ‘యూ షుడ్ గ్రాంట్’ కూడా వద్దు, ధర్మపన్నాలు చెబుతున్నట్టుంటుంది. ‘యూ హ్యాడ్ బెటర్’ అయితే అసలే వద్దు, ‘ఇవ్వకపోతే చూడండి’ అని బెదిరించినట్టే. మన ఆఫీసుల్లో ‘బెటర్ యూ అప్రూవ్’ అని తేలిగ్గా అనేస్తుంటారు, అదీ ఆ తానులో ముక్కే. ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ తప్పు కాదు గానీ, ఇంగ్లండులో పాతబడిపోయి మన గుమస్తాల దగ్గర మిగిలిపోయిన మాట. పైగా సెలవు అడిగేచోట ‘నీడ్‌ఫుల్’ అంటే ఏం చెయ్యమంటున్నారో తేలదు. బాధ్యత క్రియలు మీకు మీరే తగిలించుకోండి. మీకున్న ఇబ్బంది హ్యావ్ టుతో చెప్పండి, ఆయన చెయ్యాల్సిన పని ప్రశ్నగా అడగండి.

నేనైతే ఇలా రాస్తాను:

‘డియర్ సర్, ఐ వుడ్ లైక్ టు రిక్వెస్ట్ టూ డేస్ లీవ్, ఆన్ మండే అండ్ ట్యూస్‌డే. ఇట్ ఈజ్ ద పైడితల్లి ఫెస్టివల్ ఇన్ మై టౌన్, అండ్ ఐ హ్యావ్ టు హెల్ప్ మై మదర్ విత్ ద గెస్ట్స్ ఎట్ హోమ్. ఐ విల్ ఫినిష్ మై పెండింగ్ రిపోర్ట్స్ బై సాటర్డే, సో యూ విల్ నాట్ హ్యావ్ టు అసైన్ దెమ్ టు ఎనీవన్ ఎల్స్. కుడ్ యూ ప్లీజ్ అప్రూవ్ ఇట్?’

ఇందులో ‘ఐ హ్యావ్ టు’ చూడండి. ‘ఐ మస్ట్ హెల్ప్’ అని కూడా అనొచ్చు, తప్పేం లేదు. కానీ సిరిమానుకి చుట్టాలు దిగుతారన్నది మీరు పెట్టిన షరతు కాదు, ఊరంతటికీ ఉన్నదే. హ్యావ్ టు అంటే ‘నా చేతిలో లేదు సార్’ అనే ధ్వని వస్తుంది. ‘యూ విల్ నాట్ హ్యావ్ టు’ దగ్గర ఆయనకి పని తగ్గించారు. మెయిల్ మొత్తంలో ఆయన మీద ఒక్క ‘ఆలి’ కూడా పడలేదు, ఉన్న ఒక్కటీ ‘అక్కర్లేదు’. ఇక కుడ్‌తో అడిగితే కాదనే వీలు ఆయనకి ఉంచినట్టు. ఇంగ్లీషులో మర్యాద అంటే చాలావరకు అదే.

వేరే రాష్ట్రం ఆయన కాబట్టి రెండు రోజులెందుకు అనొచ్చు. దసరా తర్వాతి మంగళవారం సిరిమాను, ముందు రోజు సోమవారం తొలేళ్లు అని ఒక వాక్యం కలపండి. చింతమాను చివర పూజారి గారు కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతారని కూడా చెబితే, ఆయనకే చూడాలనిపించొచ్చు. అప్పుడు ‘యూ మస్ట్ కమ్ అండ్ సీ ఇట్, సర్’ అని నిర్భయంగా రాయండి. ఆ మస్ట్‌కి ఆయన కోప్పడరు.

చివరగా, ‘సారీ కూడా చెప్పాలా?’ అన్నారు. మీ వాక్యంలోని ‘ఆలి’ ఏదో చూద్దాం. ‘డు ఐ హ్యావ్ టు?’ అనైతే, అక్కర్లేదు. మీరు ఏ రూలూ దాటలేదు, ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టలేరు. ‘షుడ్ ఐ?’ అనైతే, చెప్పండి, ఒక్క లైను చాలు. ‘ఐ మెంట్ ఇట్ యాజ్ ఎ రిక్వెస్ట్. సారీ ఫర్ ద వర్డింగ్’ అని మెయిల్ చివర పెట్టెయ్యండి. క్యాబిన్‌కి వెళ్లి మళ్లీ చెప్పక్కర్లేదు.